టార్క్ సరిపోయినా బిగువు చాలలేదు

నాందేడ్ జిల్లా ధర్మాబాదులో నూనె ఒత్తిడితో నట్లు బిగించే హైడ్రాలిక్ రెంచిలు బాగుచేసే మా వర్క్‌షాపుకు, వానాకాలం వెళ్ళాక ఒక గాలిమరల గుత్తేదారు వచ్చి, టవరు ముక్కలను కలిపే అంచులైన ఫ్లాంజిలలో ఎం36 (36 మిల్లీమీటర్ల లావు) బోల్టులు తనిఖీ చేసిన ప్రతిసారీ కొన్ని వదులుగా తేలుతున్నాయని, రెంచిలోనే దోషముందని అన్నాడు. రెంచి సరిగానే ఉంది.

నట్టును తిప్పడానికి మనం పెట్టే మెలితిప్పే బలం, అంటే టార్కులో, దాదాపు 90 శాతం బోల్టు మరలలోనూ నట్టు అడుగునా రాపిడికే ఖర్చవుతుంది. ఫ్లాంజిలను అదిమిపట్టే బిగువుకు మిగిలేది సుమారు 10 శాతమే కనుక, రాపిడి కొద్దిగా పెరిగినా బిగువు బాగా పడిపోతుంది, అలా తగ్గిన బోల్టు గాలి ఊపుల భారాన్ని ఎక్కువగా మోసి, చివరకు అలసి విరుగుతుంది. అతను తెచ్చిన నట్లలో సగం తుప్పుపట్టి ఉన్నాయి. పెట్టెలను వానలో ఆరుబయట వదిలేశారట! బిగువును కొలిచే లోడ్ సెల్ మీద బిగించి చూపితే, ఒకే టార్కుకు మంచి నట్టుకూ తుప్పు నట్టుకూ ఉన్న తేడా అతనికే కనిపించింది.

గ్రీజు పూద్దామని మా తమ్ముడు అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. రాపిడి మరీ తగ్గితే అదే టార్కుకు బోల్టు హద్దు మీరి సాగుతుంది. తయారీదారు కందెన పూసి పంపిన కొత్త జతలను తుప్పు పట్టినవాటి స్థానంలో మాత్రమే వేయించాను. ఒకసారి పూర్తిగా బిగించి విప్పిన 10.9 తరగతి (అధిక బలమున్న ఉక్కు) బోల్టులను తిరిగి వాడవద్దంటే కాస్త గొణిగాడు. కొత్త రెంచి ఖర్చు తప్పిందని లెక్క చూపాక ఊరుకున్నాడు.