ముసలి కుక్కకి ఉన్నట్టుండి బాగాలేకపోతే: ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు, ఆ రోజు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పెద్ద వయసు కుక్కకి ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేకపోతే పెంచుకునేవాళ్ళు రెండు రకాలుగా దెబ్బతింటారు. "వయసైపోయింది కదా, రేపటికి చూద్దాంలే" అని విలువైన గంటలు గడిపేయడం ఒకటి. రెండోది దీనికి పూర్తిగా తలకిందులు: తూలి పడిపోతున్న కుక్కని చూసి పక్షవాతం వచ్చేసిందనుకుని, ఇక దాన్ని బాధపెట్టడం ఎందుకని ఆ రోజే చివరి ఇంజెక్షన్‌కి సిద్ధపడటం. బతికే అవకాశం ఉన్న కుక్కలు ఈ రెండు దారుల్లోనూ పోతుంటాయి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడంలో తొందరపడండి, ఆశ వదులుకోవడంలో మాత్రం వద్దు.

ముసలితనం జబ్బు కాదు, రాత్రికి రాత్రి ఎవరికీ రాదు కూడా. కీళ్ళ నొప్పులు, చెవుడు, చూపు మసకబారడం నెలల తరబడి మెల్లగా వస్తాయి. నిన్న బాగున్న కుక్క ఇవాళ లేవలేకపోతోందంటే లోపల ఏదో జరిగిందన్నమాట, చాలాసార్లు దానికి వైద్యం కూడా ఉంటుంది. ఏ వయసు నుంచి జాగ్రత్తపడాలి అనేది జాతిని బట్టి మారుతుంది. చిన్న జాతులు 10, 11 ఏళ్ళకి గానీ ముసలివి కావు, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులు 6, 7 ఏళ్ళకే ఆ గీత దాటేస్తాయి.

అన్నిటికంటే ముందు, మీ కుక్క బాగున్నప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలిసి ఉండాలి. తెలుసులే అనుకుంటాం కానీ, దాని చిగుళ్ళ రంగు ఏమిటి అని డాక్టర్ అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఇవాళే పెదవి పైకెత్తి చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట 2 సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. కొన్నిటికి పుట్టుకతోనే చిగుళ్ళు నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు 30 సెకన్లపాటు ఊపిరి లెక్కపెట్టి రెట్టింపు చేయండి, నిమిషానికి 30 లోపే ఉండాలి. గుండె జబ్బు ఉన్న కుక్కకి ఈ లెక్క నిద్రలో కూడా 30 దాటుతూ పోతోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి, దగ్గు మొదలయ్యేదాకా ఆగకూడదు. కుక్కకి మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కలో అది జ్వరం, దానికి కాదు. ముక్కు పొడిగా ఉంటే జ్వరం అనే మాట పట్టించుకోకండి. ఒక డిజిటల్ థర్మామీటర్ దానికోసం విడిగా పెట్టుకుని, కొంచెం వేసిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడటం ముందే అలవాటు చేసుకోండి.

ఆరు నెలలకోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించడం దండగ ఖర్చులా అనిపిస్తుంది, కానీ కాదు. కిడ్నీల పనితనం నాలుగింట మూడొంతులు పోయాక గానీ క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) హద్దు దాటదని చెబుతారు. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి "నార్మల్" అనుకోవడం కంటే, గత మూడు రిపోర్టుల్లో అంకె పైకి పాకుతోందా అని చూడటంలో ఎక్కువ సమాచారం ఉంటుంది. ఆ పాత రిపోర్టులు, వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, బరువు అన్నీ ఫోన్‌లో ఒకచోట ఫొటోలుగా ఉంచండి. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో, అది మూసి ఉంటే తర్వాత ఎక్కడికో ముందే కనుక్కోండి. పెద్ద కుక్క అయితే దాన్ని బండి దాకా మోసేదెవరు అనేది కూడా ఆలోచించాలి. మందపాటి దుప్పటి మీదకి మెల్లగా జరిపి, నాలుగు కొసలూ పట్టుకుని ఇద్దరు మోస్తే సరిపోతుంది. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవచ్చు, అందుకని మూతికి మెత్తటి గుడ్డ కట్టవచ్చు కానీ, వాంతులవుతున్నా ఊపిరి కష్టంగా ఉన్నా మూతి కట్టనే కట్టకూడదు.

ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడని పరిస్థితులు. పొట్ట ఉబ్బి, వాంతి చేసుకోవాలని పదే పదే డోకుతున్నా ఏమీ బయటికి రాక, ఒకచోట కుదురుగా ఉండలేకపోతోందంటే కడుపు గాలితో నిండి మెలితిరిగి ఉండవచ్చు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో, అందులోనూ వయసు మీద పడ్డాక ఈ ప్రమాదం ఎక్కువ. దీనికి ఆపరేషనే దారి, అదీ గంటల లెక్కలో. గ్యాస్ మాత్ర వేసి చూద్దాం అనుకుంటే కుక్క దక్కదు.

ఇంతకంటే మోసం చేసేది ఇంకొకటుంది. నడుస్తూ నడుస్తూ కూలబడిపోతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కాసేపటికో మర్నాటికో లేచి తోక ఊపుతూ మామూలుగా తిరుగుతుంది. ఇంట్లోవాళ్ళు ఎండదెబ్బ అనో, నీరసం అనో సరిపెట్టుకుంటారు. కానీ ప్లీహం (పొట్టలో ఉండే స్ప్లీన్ అనే అవయవం) మీద పెరిగిన గడ్డ కొద్దిగా చిట్లి, పొట్ట లోపల రక్తం కారి, తాత్కాలికంగా ఆగినప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఆ కారిన రక్తంలో కొంత శరీరం మళ్ళీ పీల్చుకుంటుంది కాబట్టి కుక్క తేరుకున్నట్టు కనిపిస్తుంది, తర్వాతసారి పెద్దగా చిట్లుతుంది. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. అందుకే ఒక్కసారి కూలబడి లేచిన ముసలి కుక్కకి కూడా పొట్ట స్కానింగ్ చేయించాలని అడగండి. ప్లీహం మీద గడ్డ అనగానే అంతా అయిపోయిందని కూడా అనుకోకండి. వాటిలో క్యాన్సర్ కానివి కూడా ఉంటాయి, తీసేశాక హాయిగా బతికే కుక్కలూ ఉన్నాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకి వచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి నీళ్ళు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి డల్‌గా ఉందంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. బయటికి చీము కారకపోతే ఇంకా ప్రమాదం. మూత్రం కోసం ముక్కుతున్నా చుక్క రాకపోవడం, వెనక కాళ్ళు ఒక్కసారిగా పడిపోవడం, చిగుళ్ళు పసుపు రంగుకి తిరగడం, మూత్రం కాఫీ రంగులో రావడం, ముక్కు నుంచి రక్తం, ఇవన్నీ అదే రోజు చూపించాల్సినవే. ఒంటి మీద పిడుదులు కనిపించినా, గత కొన్ని వారాల్లో కనిపించి ఉన్నా ఆ సంగతి డాక్టర్‌కి చెప్పడం మర్చిపోవద్దు. లాబ్రడార్ మొరుగుడు గొంతు బొంగురుపోయి, ఊపిరి గరగరమని వినిపిస్తోందంటే స్వరపేటిక సరిగ్గా తెరుచుకోవడం లేదేమో చూపించండి. వేడి రోజున, కాస్త ఎక్కువ నడిపించినప్పుడు అది ఉన్నట్టుండి ప్రాణం మీదకి తెస్తుంది.

ఫిట్స్ వస్తే నోట్లో చెయ్యి పెట్టకండి. కుక్క నాలుక మింగేయదు, మీ వేళ్ళు మాత్రం నలుగుతాయి. చుట్టూ ఉన్న సామాను జరిపి, లైట్లు తగ్గించి, టైమ్ చూసుకోండి. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా ఎమర్జెన్సీ. ఇన్సులిన్ తీసుకునే కుక్క తూలుతూ వణుకుతోందంటే షుగర్ పడిపోయి ఉండవచ్చు, చిగుళ్ళకి కాస్త తేనె రాసి వెంటనే బయల్దేరండి.

ఇప్పుడు, నా ఉద్దేశంలో అందరికీ ముందే తెలిసి ఉండాల్సిన జబ్బు గురించి. పొద్దున లేచేసరికి కుక్క తల ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. కళ్ళు అటూ ఇటూ గబగబా కదులుతుంటాయి, నిలబడితే ఒకవైపే పడిపోతుంది, గుండ్రంగా తిరుగుతుంది, వాంతి చేసుకుంటుంది. చూసేవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. చాలాసార్లు ఇది పక్షవాతం కాదు. లోపలి చెవిలో ఒంటి బ్యాలెన్స్ చూసుకునే భాగం పనితీరు చెడిపోవడం వల్ల వచ్చే వెస్టిబ్యులర్ సిండ్రోమ్, ముసలి కుక్కల్లో మామూలుగా చూసేదే. కారణం చాలావరకు దొరకదు. కుక్కకి మాత్రం ఆగకుండా తిరుగుతున్న రంగులరాట్నం మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది, అందుకే ఆ వాంతులు. మొదటి ఒకటి రెండు రోజులు ఘోరంగా ఉంటుంది, సాధారణంగా 72 గంటల్లో మెరుగవడం మొదలై రెండు మూడు వారాల్లో చాలావరకు కోలుకుంటుంది. తల కొంచెం వంకరగానే ఉండిపోవచ్చు, దానివల్ల దానికేం ఇబ్బంది ఉండదు. మొదటి రోజే చివరి నిర్ణయం తీసుకోవద్దని పైన అన్నది ముఖ్యంగా దీని గురించే.

అలాగని డాక్టర్‌కి చూపించకుండా ఇంట్లోనే పెట్టుకోమని కాదు. చెవి లోపలి ఇన్ఫెక్షన్, థైరాయిడ్ తగ్గడం, మెదడులో గడ్డ, నిజంగానే మెదడుకి రక్తం ఆగడం, మెట్రొనిడజోల్ అనే ఇన్ఫెక్షన్ మందు ఎక్కువ మోతాదులో వాడటం, వీటన్నిటికీ లక్షణాలు ఇలాగే ఉంటాయి. కళ్ళు అటూ ఇటూ కాకుండా పైకీ కిందికీ కొట్టుకుంటున్నా, కుక్క మత్తుగా పిలిస్తే పలకకుండా ఉన్నా, పాదం మడతపడి పంజా పైభాగం మీద నిలబడుతున్నా సమస్య మెదడులో ఉండే అవకాశం ఎక్కువని గుర్తుంచుకుని ఆ మూడూ చూసి డాక్టర్‌కి చెప్పండి. వీడియో తీసుకెళ్తే ఇంకా మంచిది, క్లినిక్‌లో భయానికి లక్షణాలు వేరుగా కనిపిస్తాయి.

ఇంట్లో ఉంచుకునే రోజుల్లో మెట్లకి అడ్డం పెట్టండి, నున్నటి నేల మీద జారని మ్యాట్లు పరవండి, రాత్రి చిన్న లైటు వెలిగించి ఉంచండి. నేలని, గోడని చూసుకుంటేనే దానికి కాస్త ఆసరా దొరికేది. ఎత్తుకుని తిప్పితే కళ్ళు ఇంకా తిరుగుతాయి, కాబట్టి పొట్ట కింద తువ్వాలు పెట్టి పట్టుకుని నడిపించి మూత్రానికి తీసుకెళ్ళండి. లేవలేకపోతుంటే కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. వాంతి భావం తగ్గే మందు పడితే తిండి దానంతటదే మొదలుపెడుతుంది. తల నిలపలేని కుక్క నోట్లో నీళ్ళు గానీ పాలు గానీ పొయ్యవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

మన మందులు అసలు వెయ్యొద్దు. పారాసిటమాల్ లివర్‌ని, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. పాతసారి మిగిలిన స్టెరాయిడ్ మాత్ర వేసినా అంతే, నొప్పి మందుతో కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి, కొన్ని క్యాన్సర్లని పరీక్షలకి దొరక్కుండా దాచేస్తుంది కూడా. అలాగే ఇంట్లో గత వారం రోజుల్లో ఎలుకల మందు పెట్టారా అని గట్టిగా గుర్తుచేసుకోండి. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం తిన్న వెంటనే ఏమీ కనిపించదు, మూడు నుంచి అయిదు రోజులకి లోపల రక్తం కారడం మొదలవుతుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) వేసిన తినుబండారాల సంగతి కూడా దాచకుండా చెప్పండి, డాక్టర్ తిడతారనే మొహమాటం వద్దు.

పరీక్షలన్నీ చేశాక కూడా "కారణం తెలియలేదండీ" అనే మాట వినాల్సి రావచ్చు. కోపం వస్తుంది, సహజమే. అప్పుడు అడగాల్సింది ఏమిటంటే: ఏ జబ్బులు కాదని తేలింది, ఇంకా ఏవి మిగిలున్నాయి, వాటికోసం చేసే పరీక్షకి మత్తు ఇవ్వాలా, తేలితే వైద్యం ఏమైనా మారుతుందా? ఎమ్మారైకి మత్తు ఇవ్వక తప్పదు, దానివల్ల చేసే వైద్యం ఏమీ మారనప్పుడు వద్దనడం తప్పు కాదు. ఎంతదాకా వెళ్దాం, ఎంత ఖర్చు పెట్టగలం, పెద్ద ఆపరేషన్ వద్దా కావాలా అనే మాటలు కుక్క బాగున్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. మీరు ఊళ్ళో లేనప్పుడు దాన్ని చూసుకునేవాళ్ళకి మీ తరఫున ఒప్పుకునే అధికారం ఉందని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇంటికి తెచ్చాక రోజుకి రెండుసార్లు చిగుళ్ళ రంగు, నిద్రలో ఊపిరి లెక్క, ఎంత తిన్నదీ, మూత్రం ఎన్నిసార్లు పోసిందీ రాసుకోండి. మూడు రోజులకి ఏ మార్పూ లేకపోయినా, కోలుకున్నాక మళ్ళీ తూలినా, ఒక రోజంతా నీళ్ళు ముట్టకపోయినా ఆ కాగితం తీసుకుని తిరిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ముందుసారి చేసిన రక్తపరీక్షే మళ్ళీ చేయమని అడగండి.