గుండెకు ఎమ్మారై రాశారా? ముందురోజు కాఫీ దగ్గర్నుంచే జాగ్రత్త పడండి

మా పెదనాన్నకు అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కు. 3550 మెట్లు. నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేస్తోందని చెప్పాక, గుండె రక్తనాళాల్లో అడ్డేమైనా ఉందేమో చూద్దామని డాక్టరు గారు స్ట్రెస్ ఎమ్మారై రాశారు. ఆ రోజు తెల్లవారుజామున చిత్తూరు బస్టాండులో అలవాటుగా కాఫీ తాగి తిరుపతి బస్సెక్కారాయన. స్కానింగ్ దగ్గర మొదటి ప్రశ్నే "కాఫీ తాగారా?" అని. పరీక్ష వారం వాయిదా పడింది. మాకు ముందే ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఊరికే కూర్చున్నప్పుడు సన్నబడిన నాళంలోంచి కూడా సరిపడా రక్తం అందుతుంది. పూడిక పడ్డ కాలువ సంగతి, అన్ని మళ్లకూ ఒకేసారి నీళ్లు కావాల్సి వచ్చినప్పుడు గదా బయటపడేది! అందుకే అడినోసిన్ అనే మందు ఎక్కించి నాళాలు బాగా తెరుచుకునేలా చేస్తారు. ఆ వెంటనే ఫొటోలో రక్తం పారే తీరు తెలిసేలా చేసే గాడోలినియం మందు ఇచ్చి ఫొటోలు తీస్తే, రక్తం అందని కండ నల్లగా కనబడుతుంది. కాఫీలో ఉండే కెఫీన్ ఒంట్లో ఉంటే అడినోసిన్ సరిగా పనిచేయదు. అడ్డు ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. పరీక్ష వాయిదా పడటం కన్నా అది ప్రమాదం.

కాబట్టి ముందు 24 గంటలు కాఫీ, టీ, కూల్‌డ్రింకు, చాక్లెట్ ఏవీ వద్దు. కెఫీన్ తీసేశామని అమ్మే డీకాఫ్ కాఫీలోనూ కొంత కెఫీన్ ఉంటుంది. తలనొప్పని శారిడాన్ వేసుకున్నా అంతే, అందులోనూ ఉంది.

ఆస్తమా ఉంటే తప్పకుండా చెప్పండి, అడినోసిన్‌తో ఆయాసం రావచ్చు. ఆయాసానికి వాడే డెరిఫిలిన్ కూడా ఈ మందును అడ్డుకుంటుంది. మీరు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి చూపించండి. బీపీ, షుగర్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు కాబట్టి, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ముందురోజే అడిగి తెలుసుకోవాలి. కిడ్నీ జబ్బుంటే గాడోలినియం విషయంలో జాగ్రత్త అవసరం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు దగ్గరుంచుకోండి.

ఇక ఇనుము. ఆ మిషన్‌లోని అయస్కాంతం స్కానింగ్ లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఇనుము ఏదీ లోపలికి తీసుకెళ్లకూడదు, తోడు వెళ్లేవాళ్లకూ ఇదే నియమం. మా పెద్దమ్మ తాళికి గుచ్చుకున్న పిన్నీసులే నాలుగు! జడపిన్నులు, మెట్టెలు, జరీ చీర, కట్టుడు పళ్లు, వినికిడి మిషన్ అన్నీ ఇంట్లోనో బయటో వదిలేయాలి. పెదనాన్న మొలతాడుకు తాయెత్తు ఉంది. తీయడానికి చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి పెద్దమ్మే విప్పి కొంగున ముడేసుకుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు భయపడక్కర్లేదు, ఇప్పుడు వేసేవాటితో దాదాపు ఇబ్బంది ఉండదు. డిశ్చార్జి కాగితం మాత్రం చూపించండి. పేస్‌మేకర్ ఉన్నా, వెల్డింగ్ పనిలో ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడ్డా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పేయాలి.

లోపల ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవులకు పెట్టుకోవడానికి ఇస్తారు. మాటిమాటికీ ఊపిరి బిగబట్టమంటారు. రెండోసారి వెళ్లేముందు పెదనాన్న వారం రోజులు అరుగు మీద కూర్చుని ఊపిరి బిగబడుతుంటే పెద్దమ్మ పదిహేను దాకా లెక్కపెట్టేది. అడినోసిన్ ఎక్కేటప్పుడు ముఖం వేడెక్కి, ఛాతీ బిగిసినట్టుంటుంది. టెన్షన్ పడకండి, ఆపాక ఒకట్రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. మరీ ఎక్కువైతే చేతిలో ఇచ్చిన బజర్ నొక్కండి.

ఊరికే కూర్చున్నా ఛాతీనొప్పి వచ్చి చెమటలు పడుతుంటే మాత్రం స్కానింగ్ తేదీ కోసం ఎదురుచూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

రిపోర్టు డాక్టరు చూసేదాకా మెట్ల జోలికి వెళ్లకండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానం వాళ్లూ చెబుతున్నారు. పెదనాన్న రిపోర్టులో గుండె కండకు ఒకచోట రక్తం తక్కువగా అందుతున్నట్టు వచ్చింది, యాంజియోగ్రామ్ చేయించాలన్నారు. ఈసారికి ఆయన కొండకు బస్సులోనే వెళ్లొచ్చారు.