చదువు మీద మనసు నిలవడానికి నాకు పనిచేసింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉద్యోగ పరీక్షలకి చదువుతున్నాను. పేజీ తిప్పేలోపే చెయ్యి ఫోన్ మీదకి పోయేది. యాప్‌లకి తాళాలు, తెల్లారుజామున లేవడం, టీ మీద టీ: ఏదీ కలిసిరాలేదు.

చివరికి కుదిరింది ఇది. ముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టి వంటింట్లో అమ్మకిచ్చేస్తాను. బల్ల మీదే బోర్లా పెడితే లాభం లేదు, ధ్యాసంతా దాని మీదే. తర్వాత చిత్తుకాగితం మీద ఒక్క పనే రాస్తాను: "శాతాలు, మొదటి పది లెక్కలు". అప్పుడు అలారం గడియారంలో 25 నిమిషాలు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతే ఇది. మధ్యలో గుణుపురం బస్సు ఎన్నింటికి లాంటివి గుర్తొస్తే కాగితం అంచున రాసేసి మళ్ళీ లెక్కలోకి. గంట మోగాక 5 నిమిషాలు వీధిలో నడక. ఫోన్ మాత్రం ముట్టను.

ఒడియా వ్యాసానికి 25 చాలదు, 40 పెట్టుకుంటా. నిద్ర చాలని రోజు ఇదీ పనిచేయదు. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ళకి ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను.