సభ వీడియో తీయడం, ఎడిట్ చేయడం: ముందు మాట వినపడాలి

వీడియో చేతికి రాగానే ఏ సంఘం వాళ్లయినా మొదట వెతుక్కునేది తమ వాళ్లు మాట్లాడిన చోటు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటారు. మాట వినపడకపోతే మాత్రం ఆ వీడియోను రెండోసారి ఎవరూ పెట్టుకోరు. అందుకే కెమెరా కంటే ముందు సౌండ్ సంగతి తేల్చుకోండి.

కార్యక్రమానికి గంటన్నర ముందే వెళ్లి, సౌండ్ ఆపరేటర్‌ని మిక్సర్ (మైకులన్నీ కలిసే పెట్టె) నుంచి మీ రికార్డర్‌కు ఒక అవుట్‌పుట్ ఇవ్వమని అడగండి. మెయిన్ అవుట్ (హాలు స్పీకర్లకు వెళ్లే లైను) తీసుకుంటే హాల్లో వాల్యూమ్ తగ్గించినప్పుడల్లా మీ రికార్డింగూ తగ్గిపోతుంది. ప్రీ ఫేడర్ ఆక్స్, అంటే ఫేడర్ (మైకు వాల్యూమ్ మీట) కంటే ముందే తీసే విడి లైను ఇస్తే ఆ బాధ ఉండదు, కానీ ఫేడర్ దించేసిన మైకు దగ్గర గుసగుసలు కూడా పడతాయి. మాటల మధ్య ఖాళీల్లో పడినవాటిని ఎడిటింగ్‌లో తీసేయవచ్చు కాబట్టి ఆక్స్ మేలు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే మైకు సిగ్నల్ కంటే చాలా బలమైనది. రికార్డర్ ఇన్‌పుట్ మైక్ మీద ఉంటే, రికార్డింగ్ లెవెల్ ఎంత తగ్గించినా మాట చిట్లిపోయి వినిపిస్తుంది. సిగ్నల్ లోపలికి అడుగుపెట్టే దగ్గరే చితికిపోతుంది, తర్వాత ఏ ఫిల్టరూ దాన్ని బాగుచేయదు. ఇన్‌పుట్‌ను లైన్‌కు మార్చండి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకు రికార్డర్ పంపే కరెంటు) ఆపేయండి. మైక్ టెస్ట్‌లో మామూలు మాట రికార్డర్ మీటరులో -18 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టి మాట -12 దాటకూడదు. టెస్ట్‌లో మెల్లగా మాట్లాడినవాళ్లే వేదికెక్కాక గొంతు పెంచుతారు, ఆ ఖాళీ అందుకే. గుయ్‌మని శబ్దం వస్తుంటే రికార్డర్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

మిక్సర్ లైను ఒక్కటే నమ్ముకుంటే చప్పట్లు, నవ్వులు దాదాపు ఉండవు, సభ ఖాళీ హాల్లో జరిగినట్టుంటుంది. జనం మధ్య ఇంకో చిన్న రికార్డర్ పెట్టండి. ఎవరి కాలో తగిలి కేబుల్ ఊడినా ఆదుకునేది అదే.

కెమెరాలు రెండుంటే ఒకటి వేదిక మొత్తం కనిపించేలా ట్రైపాడ్ మీద బిగించి, చివరిదాకా ముట్టుకోకండి. రెండోదానితో దగ్గరి షాట్లు తీయండి. ఒకటే ఉంటే 4కెలో తీసి 1080లో ఇవ్వండి. 3840 పిక్సెళ్ల వెడల్పులోంచి 1920 కత్తిరించుకోవచ్చు, అంటే బొమ్మ చెడకుండా రెండింతలు దగ్గరికి వెళ్లవచ్చు. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఎక్స్‌పోజర్ (వెలుతురు సర్దుబాటు) ఆటోలో వదలొద్దు. వెనక ప్రొజెక్టర్ తెర తెల్లబడగానే మాట్లాడేవారి ముఖం నల్లబడిపోతుంది. ముఖం మీద కొలిచి లాక్ చేయండి. కరెంటు 50 హెర్ట్జ్ అయితే షటర్ స్పీడు సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు, 60 హెర్ట్జ్ అయితే 60 లేదా 120వ వంతు. లైట్ల మినుకు, చారలు చాలావరకు తగ్గుతాయి.

100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు)లో తీస్తే గంటకు కార్డులో 45 జీబీ కావాలి. కొన్ని కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు వాటంతటవే ఆగిపోతాయి. మీదీ అలాంటిదైతే అంతకు ముందే, చప్పట్ల మధ్య ఆపి మళ్లీ నొక్కండి. ఫుటేజ్ రెండు డ్రైవుల్లోకి చేరి, తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

ఎడిటింగ్‌లో ముందు సౌండ్ ట్రాకులతో కెమెరాలను కలపండి. మొదట్లో కుదిరిన పెదవులు గంట తర్వాత తప్పుతున్నాయంటే కంగారు వద్దు. ఏ పరికరం గడియారం దానిది, కొన్ని ఫ్రేముల తేడా వస్తుంది. జనం షాట్ వచ్చిన చోట ట్రాకు కోసి జరిపేయండి. ఫోన్ ఫుటేజ్ అయితే అసలు కారణం వేరే, ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేటుకు మార్చుకున్నాకే టైమ్‌లైన్ మీదికి తెండి.

మాటల ట్రాకులో 80 హెర్ట్జ్ కింద కోసేయండి, మధ్యరకం కంప్రెషన్ (గట్టి, మెల్లని మాటల తేడా తగ్గించడం) ఇవ్వండి, హాల్ ట్రాకును చప్పట్లప్పుడు మాత్రం పైకి లేపండి. యూట్యూబ్‌కైతే మొత్తం -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే బిగ్గరతనపు కొలత) దగ్గర ఉంటే సరిపోతుంది. షాట్ మార్చేటప్పుడు కొత్త మనిషి గొంతు అర సెకను ముందు వినిపిస్తే, కోత తెలియదు. జనం ముఖాలు వేరే చోటునుంచి తెచ్చి అతికించేటప్పుడు మాత్రం జాగ్రత్త. సంతాపం మాటల మీద నవ్వుతున్న ముఖం పడితే అది ఆ మనిషికి చేసిన అన్యాయం.

పేర్లు, హోదాలు రాతపూర్వకంగా తెప్పించుకుని అక్షరం పొల్లుపోకుండా వేయండి. తెలుగు టైటిళ్లలో ఒత్తులు విడిపోతుంటే ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోని టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చండి. అయినా కుదరకపోతే వేరేచోట టైప్ చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. హాల్లో మోగిన సినిమా పాట మీ ఫుటేజ్‌లో పడినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, ఆ సంగతి క్లయింటుకు ముందే చెప్పండి. పిల్లలు కనిపించే షాట్లకు తల్లిదండ్రుల అనుమతి అడగండి.

క్లయింటుకిచ్చే ఫైలు హెచ్.264 వీడియో ఫార్మాట్, 1080, 8 నుంచి 12 ఎంబీపీఎస్, ఆడియో 48 కిలోహెర్ట్జ్ ఏఏసీ ఫార్మాట్. మొదటి కాపీ మీద టైమ్‌కోడ్ (నడుస్తున్న నిమిషం, సెకను) కనిపించేలా వేసి పంపి, సంఘం తరఫున ఒక్కరే అన్ని మార్పులూ నిమిషం, సెకనుతో సహా ఒకే కాగితం మీద రాసి ఇవ్వమనండి.