మృగశిర కార్తెలోపు మీ ఆసుపత్రి సర్వర్ ఎక్కడుందో చూసి రండి

హైదరాబాద్‌లో చిన్న ఆసుపత్రుల సర్వర్, అంటే పేషెంట్ల రికార్డులన్నీ ఉండే కంప్యూటర్, చాలాచోట్ల సెల్లార్‌లోనో, రిసెప్షన్ టేబుల్ కిందో ఉంటుంది. 2020 అక్టోబర్ వానలకు, నేను సాఫ్ట్‌వేర్ చూసే ఒక నర్సింగ్ హోమ్ సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. సీపీయూ నేలమీదే ఉంది. బ్యాకప్ హార్డ్ డిస్క్ దానికే తగిలించి ఉంది. రెండూ మునిగాయి. మర్నాడు డయాలసిస్‌కి వచ్చిన పెద్దాయన ప్లాస్టిక్ కవర్లోంచి తడిసిన మందుల చీటీలు తీసి, ఒక్కొక్కటే కౌంటర్ మీద పరిచారు. ఆయన ఏ మందులు వాడుతున్నారో చెప్పడానికి మా దగ్గర మిగిలినవి అవే.

అందుకే ఇరవై, ముప్ఫై పడకల ఆసుపత్రి ఎవరు అడిగినా క్లౌడే తీసుకోమంటాను, అంటే డేటాని నెట్ ద్వారా పెద్ద కంపెనీల కంప్యూటర్లలో ఉంచడం. డేటా ఏ దేశానికో పోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. అమెజాన్ 2022 నుంచి హైదరాబాద్‌లోనే క్లౌడ్ కేంద్రాలు నడుపుతోంది. మన డేటా ఇండియాలోనే ఉంచాలని ఒప్పందంలో రాయించుకోవాలి, అంతే.

క్లౌడ్‌కి గండం నెట్‌తోనే. 2025 ఆగస్టులో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు ఎన్ని కాలనీల్లో నెట్ పోయిందో గుర్తుందిగా. రెండు కంపెనీల ఫైబర్ తీసుకున్నా, రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒకేసారి పోతాయి. రెండోది సిమ్‌తో నడిచే రౌటర్ పెట్టుకోండి. వానాకాలమంతా రోజూ సాయంత్రం, వార్డులో ఉన్నవాళ్ల మందుల వివరాలు, అలర్జీలు, మర్నాటి ఓపీ లిస్టు ప్రింట్ తీసి నర్సుల దగ్గర ఉంచండి.

సీటీ, ఎంఆర్ఐ ఉన్నచోట మాత్రం సొంత సర్వర్ కూడా ఉండాలి. ఒక్కో స్కాన్ వందల ఎంబీలుంటుంది, ప్రతిసారీ నెట్ మీద తెప్పించుకుంటే డాక్టర్ ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఆ సర్వర్‌ని పై అంతస్తులో పెట్టించండి. జనరేటర్ సెల్లార్‌లో ఉందేమో అదీ చూడండి, అది మునిగితే యూపీఎస్ కాసేపే ఆదుకుంటుంది.

నీళ్లొక్కటే కాదు. 2022 నవంబర్‌లో రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడితో ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుల తరబడి పనులన్నీ కాగితాల మీదే నడిచాయి. ఎప్పుడూ సర్వర్‌కి తగిలించి ఉండే బ్యాకప్‌ని కూడా అలాంటి వైరస్ తాళం వేసేస్తుంది. ఒక కాపీ విడిగా, వేరే చోట ఉండాల్సిందే. క్లౌడ్‌లో ఉన్నా, స్టాఫ్ అందరికీ ఒకే పాస్‌వర్డ్, అదీ మానిటర్‌కి అంటించిన చీటీ మీద ఉంటే ఏం లాభం? దయచేసి ఇవాళే మార్చండి.

వాళ్ల సాఫ్ట్‌వేర్ వాడటం మనం మానేస్తే డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో సాఫ్ట్‌వేర్ వాళ్లతో ముందే రాయించుకోండి. పేషెంట్ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, క్లౌడ్‌లో పెట్టినా బాధ్యత ఆసుపత్రిదే. భద్రతలో లోపముంటే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుంది.

చివరగా, ఈ ఆదివారం ఓపీ లేనప్పుడు బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరో ఒక పాత పేషెంట్ ఫైల్ తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించండి.