మెదక్ చర్చికి వెళ్లేముందు

- ఎండ ఉన్నప్పుడే వెళ్లండి. రంగుటద్దాల కిటికీల్లోని క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం దృశ్యాలు బయటి వెలుతురుతోనే లోపలికి కనిపిస్తాయి. చీకటి పడితే నల్లటి అద్దాలే. మబ్బు రోజున సగం అందమే దక్కుతుంది.
- ఫోటోకు అనుమతి అడగండి. ఫ్లాష్ వద్దు, రంగులు పోతాయి. ఫోన్ తెర మీద కిటికీని తాకి వెలుతురు తగ్గించండి; లేకపోతే ఫోటోలో అద్దం రంగుల్లేకుండా తెల్లగా పడుతుంది.
- ఆదివారం ఉదయం ఆరాధన. చూడటానికే అయితే వేరే రోజు మేలు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన గుడి కదా, క్రిస్మస్‌కు కాలు పెట్టే చోటుండదు!
- చెప్పులు విడిచే చోట మధ్యాహ్నం రాయి కాలుతుంది. సాక్సులు తెచ్చుకోండి.
- 175 అడుగుల గోపురం మొత్తం ఫోటోలో పట్టాలంటే బాగా వెనక్కి నడవాలి.