తరగతిలో ఫ్లోరెన్స్ చీటీల సంచి

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగర గణతంత్రం ఎలా నడిచిందో, ఎలా ఓడిపోయిందో పాఠంగా చెప్పేకంటే పిల్లలచేత ఆడిస్తే బాగా ఎక్కుతుంది. 32 మంది, మూడు పీరియడ్లు చాలు. పదవులకు మనుషుల్ని చీటీలు తీసి ఎంచే, 1328లో మొదలైన పద్ధతిని, 1400 ప్రాంతపు రూపంలో, తరగతికి సరిపడా కుదించాం.

ముందు నాలుగు పేటలు: సాంతో స్పిరితో, సాంతా క్రోచె, సాంతా మరియా నొవెల్లా, సాన్ జొవాన్ని. పేటకు 8 మంది. ఆరుగురు పెద్ద వృత్తి సంఘాలవాళ్లు (ఉన్ని వర్తకులు, బ్యాంకర్లు, న్యాయవాదులు), ఇద్దరు చిన్న సంఘాలవాళ్లు (కమ్మరి, చెప్పులు కుట్టేవాడు). అసలు ఊళ్లో పెద్దవి 7, చిన్నవి 14.

మొదటి పీరియడంతా ఓటింగుకే పోతుంది. ఒక్కో పేరు చదవగానే ప్రతివాళ్లూ పిడికిట్లో ఒక గింజ తెచ్చి సంచిలో వేయాలి. నలుపైతే ఔను, తెలుపైతే కాదు (మనకు తిరకాసుగా అనిపించినా అక్కడ అంతే). రెండు రంగుల బొబ్బర్లు పావు కిలో చొప్పున తెండి. ఒకటి ఉలవ, ఒకటి శనగ అయితే పడే చప్పుడుకే ఓటు బయటపడుతుంది.

మూడింట రెండు వంతులు, అంటే 22 నల్ల గింజలు వస్తే ఆ పేరు చీటీ మీదికి ఎక్కుతుంది. పేటకు రెండు సంచులు, పెద్ద సంఘాలకొకటి, చిన్నవాటికొకటి. చీటీల సైజు, మడత ఒకేలా ఉండాలి. ఎవరు నెగ్గారో లేఖకుడి పద్దులో తప్ప ఎక్కడా చెప్పకండి. తన పేరు సంచిలో ఉందో లేదో తెలియనివాడు వచ్చే విడతైనా రాకపోతుందా అని ఓపిక పడతాడు. అసలు సంచుల్ని సాంతా క్రోచె మఠంలో తాళం వేసి దాచేవారు. చిన్న సంఘాల సంచి ఖాళీగా మిగిలితే హద్దును 17కి దించండి, అది మన సర్దుబాటేనని చెప్పి.

రెండో పీరియడ్లో అందరి ముందు చీటీలు తీయండి. రెండు పేటలనుంచి పెద్దవాళ్లు ఇద్దరేసి, మిగతా రెండింటినుంచి ఒక పెద్ద, ఒక చిన్న: 8 మంది ప్రియోర్లు (ఊరిని పాలించే పెద్దలు). తొమ్మిదోవాడు గొన్ఫలోనియెరే (వాళ్లకు అధ్యక్షుడు), వంతులవారీగా ఒక్కో పేటనుంచి. పదవి రెండే నెలలు. కిందటి విడత కూర్చున్నవాడి చీటీ వస్తే తిరిగి సంచిలో వేసి ఇంకొకటి తీయాలి. పన్ను బకాయి ఉన్నవాడికీ పదవి లేదు. ఆరుగురికి ముందే రహస్యంగా బకాయి కార్డులివ్వండి. పదవి దక్కకపోయినా పేరు పైకి రావడమే గౌరవం. అతన్ని 'వెదూతో' అనేవారు, కూర్చున్నవాణ్ణి 'సెదూతో'. మూడు విడతలు తీయండి.

1433 సెప్టెంబరులో ఇలా వచ్చిన తొమ్మిదిమందే పలుకుబడి గల బ్యాంకరు కోజిమో మెదీచిని ఊరినుంచి వెళ్లగొట్టారు. సరిగ్గా ఏడాదికి అతని మిత్రుల పేర్లు పడ్డాయి, అతను తిరిగొచ్చాడు. ఇకమీద అదృష్టాన్ని నమ్ముకోకూడదని నేర్చుకునే వచ్చాడు.

మూడో పీరియడ్లో ఐదుగురిని అక్కొప్పియాతోరీలుగా (సంచుల్లో చీటీలు వేసే అధికారులుగా) పెట్టండి. సంచులతో వాళ్లను బయటికి పంపి, కావలసినవాటికంటే ఒక్క చీటీ మాత్రమే ఎక్కువ ఉంచి మిగతావి తీసేయమనండి. మళ్లీ అందరి ముందే, అదే పద్ధతిలో తీయండి. ఎవరికైనా అనుమానం వస్తుందేమో గమనించండి. వచ్చినా నిరూపించలేరు, పద్దు రహస్యం కదా. మెదీచీలు 1494 దాకా ఇలాగే నెట్టుకొచ్చారు. సిన్యోరియా (ఆ తొమ్మిదిమంది సభ) రద్దయింది 1532లోగానీ కాదు.

గంట కొట్టేముందు సంచులు బోర్లించి, పద్దు చదివి, చీటీలు లెక్కపెట్టించండి.